అమ్మ అంటోంది

వారం రోజులపాటు పొయ్యి ముట్టుకోనక్కర్లేని సెలవుకి బయల్దేరేముందు, ఆదివారమంతా నిలబడి నేను వారానికి సరిపడా వండాను. పప్పు, సాంబారు, కూరలు విడివిడిగా డబ్బాల్లో సర్ది, ఏది ఏ రోజుకో మూతల మీద రాసి, ఫ్రీజర్‌లో పేర్చాను. మా అత్తగారు నిర్మలాదేవిగారు ఆరునెలల వీసా మీద తెనాలి నుంచి లీసెస్టర్ వచ్చి ఉన్నారు. మా అమ్మాయి లాస్యని ఆవిడ దగ్గర వదిలి వెళ్తున్నాం. పిల్లని వదలడానికి ఆవిడ కావాలి గానీ ఆవిడ చేత వండించకూడదు. "అమ్మ అంటోంది, ఈ కరెంటు పొయ్యిలూ అవీ తనకి అలవాటు లేవని. నువ్వే అన్నీ చేసిపెట్టి రా వరం, పెద్దావిణ్ణి కష్టపెట్టడం ఎందుకు" అన్నాడు ప్రసాద్. సరే అన్నాను. అత్తగారు ఆ మాట నాతో అనలేదు. ఆవిడ ఏదీ నాతో అనరు. నేను వంకాయలు తరుగుతుంటే వంటింటి గుమ్మం దాకా వచ్చి, ఓ క్షణం నిలబడి, ఏదో అనబోయి, మళ్ళీ హాల్లోకి వెళ్ళి టీవీ ముందు కూర్చున్నారు. వంక వెతకడానికి వచ్చారనుకుని నేను వెనక్కి తిరగలేదు.

ప్రసాద్ అంటే మా ఆయన. పూర్తి పేరు ఆంజనేయప్రసాద్. ఆఫీసులో తెల్లవాళ్ళకి నోరు తిరక్క ఆండీ అయిపోయాడు. ఇక్కడంటే పేరు పెట్టి రాస్తున్నాను గానీ ఎదురుగా నాకు ఇప్పటికీ ఏవండీయే. చెడ్డవాడని ఎవరూ అనలేరు, నేనూ అనను. తాగడు, కేకలెయ్యడు, చెయ్యెత్తడమన్న ఊసే లేదు. పెళ్ళయిన ఈ పదేళ్ళలో "ఇది నాకిష్టం లేదు" అని కూడా ఒక్కసారైనా అనలేదు. ఎప్పుడు చూసినా వాళ్ళమ్మకే ఇష్టం ఉండేది కాదు. ఆదివారం పొద్దున తెనాలికి ఫోన్ చేసి మాట్లాడేవాడు. తర్వాత వంటింట్లోకొచ్చి, కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, నావైపు కాకుండా ఫ్రిజ్ వైపు చూస్తూ, "అమ్మ అంటోంది..." అని మొదలుపెట్టేవాడు. నేను జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్నందుకు అమ్మ నొచ్చుకుంది. డ్రైవింగ్ నేర్చుకుంటానంటే, ఆ మంచులో ఆడవాళ్ళకి కార్లెందుకని అమ్మ అంది. మా తమ్ముడు ఉద్యోగం వెతుక్కుంటూ కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంటానంటే, అమ్మ ఏమీ అనలేదు గానీ గొంతు మారిందట. ఖండాల అవతల కూర్చుని ఆవిడ నా జుట్టు పొడుగు కొలుస్తున్నారని నాకు కడుపు మండిపోయేది. మండినా ఏం చేస్తాను? ప్రసాద్‌తో దెబ్బలాడదామంటే పాపం అతను మధ్యవాడు. "నాదేముంది వరం, మీ ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను" అనేవాడు. నాకు జాలేసేది. కోపమంతా అత్తగారి కోసం భద్రంగా దాచి, ఆవిడ వచ్చినప్పుడల్లా "కాఫీ తాగుతారా, పడుకుంటారా" అన్న రెండు ముక్కలు దాటకుండా మసిలేదాన్ని. ఆవిడా అంతే ఉండేవారు. అత్తలేని కోడలుత్తమురాలు అన్న సామెత మా ఇల్లు చూసే పుట్టించి ఉంటారనుకునేదాన్ని.

ఈసారి అమ్మ అన్నది మాత్రం జుట్టు గురించి కాదు. నేను గుంటూరులో బి.ఫార్మసీ చదివాను. లీసెస్టర్‌లో మా వీధి చివర మందుల షాపులో, హన్సాబెన్ అనే గుజరాతీ ఫార్మసిస్టు దగ్గర, డబ్బాల మీద లేబుళ్ళు అంటించే పని చేస్తున్నాను. వరలక్ష్మి అన్న నా పేరు బ్యాడ్జీ మీద సరిగ్గానే ఉంటుంది, పేరు పక్కన 'అసిస్టెంట్' అని ఉంటుంది. ఇక్కడ ఫార్మసిస్టు కావాలంటే బయటిదేశంలో చదివి వచ్చినవాళ్ళు ముందు ఏడాది కోర్సు చెయ్యాలి. హన్సాబెన్ పోరు పడలేక అప్లై చేశాను. బర్మింగ్‌హామ్‌లో సీటొచ్చింది. సెప్టెంబరులో చేరాలి, వస్తున్నదీ లేనిదీ మార్చి నెలాఖరుకల్లా చెప్పాలి. ఆ సాయంత్రం నేను షాపు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పాను. ప్రసాద్ కంగ్రాట్స్ అన్నాడు. రెండ్రోజులయ్యాక కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అమ్మ అంటోంది, ఆడపిల్ల ఎదుగుతున్న ఇంట్లో తల్లి పొద్దున్నే రైలెక్కి పోతే ఆ పిల్ల ఏమైపోవాలని. నాకేం అభ్యంతరం లేదు వరం. అమ్మే..." ఆవిడ అప్పుడు పక్కగదిలోనే లాస్య స్కూల్ స్వెట్టరుకి గుండీ కుడుతున్నారు. వెళ్ళి మొహం మీదే అడిగెయ్యాలనిపించింది. పెద్దావిడతో వాదించి మాటపడడం ఎందుకని ఆగిపోయాను.

వారం తిరక్కుండా ప్రసాద్ ఒక రంగురంగుల బ్రోషర్ తెచ్చాడు. "ఈ ఏడాదికి ఆ కోర్సు సంగతి వదిలెయ్. మన పదో పెళ్ళిరోజుకి కరీబియన్ వెళ్దాం. ఆల్ ఇన్‌క్లూజివ్. తిండీ తాగుడూ అన్నీ అందులోనే. మా ఆఫీసులో అందరూ వెళ్ళొచ్చారు, మనమే మిగిలాం" అన్నాడు. ఏడాది చదువుకి బదులు వారం రోజుల సముద్రం. బేరం గిట్టుబాటు కాదని నాకు తెలుసు. కానీ పదేళ్ళుగా ప్రతి ఆదివారం వారానికి వండి, షాపులో నిలబడి, ఇంట్లో నిలబడి, ఎక్కడైనా కూర్చోవచ్చు అంటే చాలన్నట్టు తయారయ్యాను. తిరిగొచ్చాక బర్మింగ్‌హామ్‌కి ఫోన్ చేసి రావట్లేదని చెప్పేస్తానన్నాను. ఒక్క షరతు పెట్టాను. "ఆ వారం నేను పొయ్యి ముట్టుకోను. టీ కూడా పెట్టను." ప్రసాద్ నవ్వాడు. "పిచ్చిదానా, అక్కడ పొయ్యి ఎక్కడుంటుంది?"

ఆంటిగ్వా దీవిలో విమానం దిగేసరికి బాపట్ల సముద్రం దగ్గర మే నెలలో కొట్టే ఉప్పు ఉక్క మొహానికి తగిలింది. ప్రాణం లేచొచ్చింది. హోటల్లో మా చేతులకి నీలంరంగు ప్లాస్టిక్ పట్టీలు కట్టారు. ఆ పట్టీ చూపిస్తే చాలు, ఎక్కడ ఏం తిన్నా ఏం తాగినా అడిగేవాళ్ళు లేరు. ప్రసాద్ ఆ పట్టీని ఒకటికి రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. కొబ్బరిచెట్లు, తెల్లటి ఇసుక, నీళ్ళు బ్రోషర్లో ఉన్నంత ఆకుపచ్చగానే ఉన్నాయి. ఇంత అందంగా ఉన్నచోట నాకేం కష్టం వస్తుందనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే లేచి పక్క సర్దాను. దుప్పటి మడతపెట్టి, బాత్రూమ్ సింకు తుడిచి, కప్పులు కడిగి బోర్లించాను. గది శుభ్రం చెయ్యడానికొచ్చిన అమ్మాయి చుట్టూ చూసి, నడుం మీద చెయ్యి వేసుకుని నవ్వింది. "మరి నేనేం చెయ్యాలి మేడమ్?" అంది. సిగ్గేసి బీచ్‌కి వెళ్ళాను. పడక కుర్చీలో వెల్లకిలా పడుకున్న ప్రసాద్ అప్పటికే గురక పెడుతున్నాడు. నేనూ పక్కన పడుకున్నాను. ఆకాశం చూశాను. సముద్రం చూశాను. చూడ్డం అయిపోయింది. ఇంకేం చెయ్యాలి? మంగళవారం డబ్బా ఫ్రీజర్‌లోంచి తీసి బయట పెట్టారో లేదో. లాస్య స్కూల్లో ఆటలకి వేసుకునే పీఈ బట్టలు ఉతికిన కుప్పలో అడుగున ఉన్నాయి, దొరకవు. ప్రసాద్ మెడ మీద ఎండ పడుతోంది, గొడుగు జరిపాను. అతని చెప్పుల్లో ఇసుక దులిపాను. నీళ్ళసీసా నింపుకొచ్చాను. తువ్వాలు మడతపెట్టాను. మళ్ళీ పడుకున్నాను. మళ్ళీ లేచాను. కాలుగాలిన పిల్లిలా ఆ కుర్చీల మధ్య తిరుగుతున్న నన్ను, పక్క కుర్చీలో పుస్తకం చదువుకుంటున్న ఒకావిడ కళ్ళజోడు మీదుగా చూసింది. షెఫీల్డ్ నుంచి వచ్చిందట, పేరు మొరీన్. "ఎవరికోసమైనా ఎదురుచూస్తున్నావా లవ్?" అనడిగింది. లేదన్నాను. అబద్ధం చెప్పినట్టనిపించింది. నిజంగానే ఎవరో వచ్చి నాకు పని చెప్తారని నా ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చుంది. విశ్రాంతి కావాలి కావాలి అని ఏడ్చానుగానీ అదెలా తీసుకోవాలో నాకు చేతకాదని అక్కడికెళ్ళాకే తెలిసింది. నా మీద నాకే భయం వేసింది.

తిండి దగ్గరా ఇదే వరస. బఫే అంటే ఎవరి ప్లేటు వాళ్ళే తెచ్చుకుంటారు. ప్రసాద్ మాత్రం మూల టేబుల్ చూసుకుని కూర్చుని, "నాకేం పడుతుందో నీకు తెలుసుగా, చూసి పట్రా" అనేవాడు. రెండు ప్లేట్లు మోసుకుంటూ ఆ బల్లల చుట్టూ తిరిగేదాన్ని. అతనికి ముందు సలాడ్, తర్వాత వేడిది, తర్వాత ఇంకొంచెం, తర్వాత ఇది బాలేదు వేరేది. నా ప్లేటు ఈలోగా చల్లారేది. ఆమ్లెట్ వేసే కుర్రాడి ముందు నిలబడి, ఉల్లిపాయ వద్దు, మిరపకాయ ఎక్కువ, బాగా మాడనివ్వు అని ప్రసాద్‌ది చెప్పాను. వేసిచ్చి, "మరి మీకు?" అన్నాడు. "అదే" అన్నాను. ప్లేటు తీసుకుని నాలుగడుగులు వేశాక నాకు ఉల్లిపాయ ఇష్టమని గుర్తొచ్చింది. వెనక్కి వెళ్దామా అనుకునేలోపు ప్రసాద్ ఫోర్క్ కావాలని చెయ్యి ఊపాడు.

మూడోరోజుకి ప్రసాద్ మొహం వాడిపోయింది. బ్రెడ్డు, బంగాళాదుంప, కొబ్బరిపాలు పోసి వండిన అన్నం, ఎర్రటి బీన్స్, ఏదీ అతని నోటికి పట్టలేదు. మధ్యాహ్నం గదికొచ్చి, తన నల్ల సూట్‌కేసు మంచం మీద పెట్టి తెరిచాడు. అది అతను స్వయంగా సర్దుకున్న పెట్టె. ప్రయాణాల ముందు మా ముగ్గురి బట్టలూ నేనే సర్దుతాను. ఈసారి "అందులో కెమెరా, పుస్తకాలు ఉన్నాయి, నువ్వు చెయ్యి పెట్టకు" అంటే, ఇన్నాళ్ళకి తన పెట్టె తాను సర్దుకున్నాడు కదా అని మురిసిపోయాను కూడా. తువ్వాలు విప్పితే అందులో మా చిన్న రైస్ కుక్కర్ ఉంది. దాని కడుపులో బియ్యం, చింతపండు, చారుపొడి, పోపుగింజలు, చిన్న సీసాలో నూనె.

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, సముద్రాలు దాటి వంటసామాను మోసుకొచ్చాడు. "ఇదేంటండీ?" అన్నాను.

"అమ్మ పెట్టింది" అన్నాడు. కళ్ళద్దాలు తీశాడు. "వరానికి చారన్నం లేకపోతే గడవదురా, అక్కడి గడ్డీ గాదం తినలేక నీరసపడిపోతుంది, పట్టుకెళ్ళు అని ఒకటే పోరు."

"నేను వండనని చెప్పానుగా."

"నేను వండమన్నానా? నాకెలాగైనా గడిచిపోతుంది. అంత ప్రేమగా పెట్టింది, అలాగే వెనక్కి పట్టుకెళ్తే అమ్మ బాధపడుతుంది. నీ ఇష్టం మరి."

నాకు అత్తగారి మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆవిడ ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో. నా చదువు పోయింది. ఆ చదువు పోయినందుకు దక్కిన వారం ఇది. ఇందులోకీ ఆవిడ చెయ్యి చాచారు. అలా అనుకుంటూనే బియ్యం కొలిచి కడుగుతున్నాను. ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ కథ రాయడం దండగ. ఆ కుక్కర్ చూడగానే నా చేతులకి నెమ్మది వచ్చింది. మూడురోజులుగా ఎక్కడ పెట్టుకోవాలో తెలియని చేతులు. చింతపండు పిసుకుతుంటే మనసు కుదుటపడింది. మనసులో తిట్టుకుంటూ, ఒంట్లో హాయిగా, అలా రెండుగా చీలిపోయి వండాను. అన్నం అయ్యాక ప్లేటులోకి తిరగేసి, ఆ గిన్నెలోనే చారు కాచి బాత్రూమ్‌లోని గాజు జగ్గులో పోసి, గిన్నె తుడిచి పోపుకి నూనె వేశాను. వేడెక్కగానే కుక్కర్ మీట పైకి ఎగిరిపోతుంది కాబట్టి దాన్ని వేలితో నొక్కి పట్టుకోవాలి. ముందే బాల్కనీ తలుపు బార్లా తీసి పెట్టాను. ఆవాలు చిటపటలాడడం మొదలైంది. ఎండుమిరపకాయలు వేశాను. ఎందుకో ఘాటు బయటికి పోకుండా నా మొహానికే కొట్టింది. వెనక్కి తిరిగి చూస్తే తలుపు మూసి ఉంది. "ఏసీ అంతా బయటికి పోతోంది" అన్నాడు ప్రసాద్ దగ్గుతూ. నేను తలుపు దాకా పరిగెత్తేలోపు గది కప్పు మీద ఎర్రదీపం వెలిగి, చెవులు పగిలిపోయేలా అలారం మోగింది. మా గదిలోనే కాదు, ఆ భవనమంతా మోగింది.

అయిదు నిమిషాల్లో మా బ్లాకులోని జనమంతా కింద పచ్చిక మీద నిలబడ్డారు. ఒంటికి తువ్వాళ్ళు చుట్టుకున్నవాళ్ళు, తల నిండా షాంపూ నురగతో ఉన్న ఒకాయన, నిద్రలోంచి లేచి ఏడుస్తున్న పిల్లలు. మొరీన్ తడి స్విమ్‌సూట్ మీద భర్త చొక్కా వేసుకుని నిలబడింది. నేను నైటీలో ఉన్నాను, చెయ్యంతా చింతపండు. ఇద్దరు ఉద్యోగులు పైకి పరిగెత్తి, కాసేపటికి మా రైస్ కుక్కర్‌ని రెండు చేతులతో దూరంగా పట్టుకుని దిగారు. జనం ముందు దాన్ని చూస్తే నాకు చచ్చిపోవాలనిపించింది. మేనేజరు మిసెస్ జోసెఫ్ మా దగ్గరికొచ్చింది. నా వయసు నల్లావిడ, పొడగరి. గదుల్లో వంట చెయ్యకూడదని తెలియదా అని నెమ్మదిగానే అడిగింది.

ప్రసాద్ నా భుజం మీద చెయ్యి వేశాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మిసెస్ జోసెఫ్ వైపు కాకుండా పక్కనున్న కొబ్బరిచెట్టు వైపు చూస్తూ, తన ఆఫీసు ఇంగ్లీషులో అన్నాడు. "సారీ, మా ఆవిడ... మా ఆడవాళ్ళు కిచెన్ లేకపోతే ఉండలేరు. ఎంత వద్దని చెప్పినా వినదు. నాదేముంది."

నలుగురూ నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు, ముద్దుగానే నవ్వారు. మిసెస్ జోసెఫ్ నా చెయ్యి పట్టుకుని, "హాలిడేకి వచ్చావు డార్లింగ్, ఈ నాలుగురోజులూ మమ్మల్ని వండనివ్వు" అంది. నేను సారీ అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. అతను చెప్పింది పచ్చి అబద్ధమైతే అక్కడే అరిచేసేదాన్నేమో. ఇందాక నా చేతులకి కలిగిన హాయి నాకు తెలుసు కాబట్టి అరవలేకపోయాను. అయితే నన్ను ఆపింది అదొక్కటే కాదు. నేను ప్రసాద్ మొహమే చూస్తున్నాను. ఆ పక్కచూపు, ఆ తుడవడం, చివర్లో ఆ "నాదేముంది". పదేళ్ళుగా మా వంటింట్లో ఫ్రిజ్ పక్కన నిలబడేది ఈ మొహమే. ఇంతకాలం నేను దాన్ని ఎదురుగా నిలబడి చూశాను. ఇప్పుడు మొదటిసారి పక్కనుంచి, అది ఎవరి భుజం మీద తుపాకీ పెట్టి కాలుస్తోందో ఆ భుజాన్నై చూశాను. చారు కావలసింది అతనికి. మిసెస్ జోసెఫ్‌తో మాత్రం మా ఆవిడకే కావాలన్నట్టు చెప్పాడు. మరి నాతో "అమ్మ అంటోంది" అన్నప్పుడల్లా, కావలసింది ఎవరికి?

అలారం ఆగి, అందరూ నవ్వుకుంటూ గదులకి వెళ్తుంటే, నేను చీరైనా కట్టుకోకుండా ఆ నైటీలోనే రిసెప్షన్‌కి వెళ్ళి లీసెస్టర్‌కి ఫోన్ కలపమన్నాను. అక్కడ సాయంత్రం అయి ఉంటుంది.

లాస్య ఎత్తింది. "హాయ్ మమ్! వుయార్ హావింగ్ చిప్స్. నానమ్మ లవ్స్ ద వినెగర్!"

"చిప్సేంటి? బుధవారం డబ్బా తియ్యలేదా?"

వెనకాల గుసగుసలు వినిపించి, ఫోన్ అత్తగారి చేతికి వచ్చింది. "అమ్మాయ్, కోప్పడబాక. ఆ డబ్బాలు అట్టాగే ఉన్నయ్. మేమిద్దరం రోజూ సాయంత్రం నడుచుకుంటా వీధి చివరికి పోయి ఏదో ఒకటి తెచ్చుకుంటన్నాం. పుట్టి బుద్ధెరిగాక వారంపాటు వంట చెయ్యకుండా, వండింది వడ్డించకుండా ఉండటం ఇదే నాకు. నువ్వు అంత కష్టపడి చేసినయ్యి... వచ్చాక తినొచ్చులే, పాడవ్వవు గదా."

ఆవిడ నాతో ఇన్ని మాటలు ఒక్క దమ్మున మాట్లాడడం అదే మొదటిసారి. ఆ గొంతులో చిన్నపిల్ల భయం ఉంది. నేను కోప్పడతానని ఆవిడకి భయమా? నాకా సంగతి తెలియనే తెలియదు.

"అత్తయ్యగారూ, రైస్ కుక్కర్ మీరు పెట్టారా పెట్టెలో?"

"రైస్ కుక్కరా? నేనెందుకు పెడతాను? వాడే అరలోంచి తీసుకుంటంటే చూశాను. స్నేహితుడికి కావాలన్నాడు."

ఇంకోటి కూడా అడిగాను. "నేను బర్మింగ్‌హామ్ వెళ్ళి చదవడం మీకిష్టం లేదన్నారట."

"ఎవరన్నారు?" అన్నారు. "నీకు సీటొచ్చిన సంగతే నాకు తెలవదు అమ్మాయ్. మొన్న లాస్య చెప్పబోతే, అమ్మ మానేసింది, ఆ మాటెత్తబాక అన్నాడు. కూరన్నా తరుగుదామని నేను గుమ్మం దాకా వస్తా ఉంటాను. వరానికి తన వంటింట్లో ఇంకొకళ్ళుంటే చిరాకు, వెళ్ళకు అని చెప్పాడు. నా కూతురు దగ్గరికి నాలుగురోజులు హారో పోయొస్తానంటే, వరం ఏమన్నా అనుకుంటుందన్నాడు. నువ్వు బాగా చదువుకున్నదానివి, నా మాటలు నీకు నచ్చవేమో అనుకుని నేను నోరు మూసుకున్నాను."

నేను ఒక్క మాట కూడా అలా అనలేదని చెప్పాను. ఆడపడుచు లండన్ పక్కనున్న హారోలో ఉంది, ఈవిడ అక్కడికి వెళ్ళాలనుకుంటున్నారని కూడా నాకెవరూ చెప్పలేదు. ఈ పదేళ్ళూ నేను దాచి దాచి పెట్టుకున్న కోపమంతా ఈ మనిషి మీద. గుండీలు కుడుతూ పక్కగదిలోనే కూర్చున్న మనిషి మీద. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, వెళ్ళి అడిగి ఉంటే? ఏడుపొచ్చింది, రిసెప్షన్ అమ్మాయి చూస్తోందని మింగేశాను.

అటువైపు అత్తగారు ఎందుకో నవ్వడం మొదలుపెట్టారు. "మీ మామగారూ ఇంతే అమ్మాయ్. మా అమ్మ అంటంది, మా అమ్మ అంటంది అనేవాడు. పాపం మా అత్తగారు పోయింది. పోయినాక కూడా ఏడాదిపాటు ఆవిడ అంటానే ఉంది."

నేనూ నవ్వాను. కళ్ళు తుడుచుకుంటూ, ఒళ్ళు ఊగిపోయేలా నవ్వాను. ఇద్దరం అలా నవ్వుతుంటే లాస్య వెనకనుంచి "వాట్స్ ఫన్నీ? వాట్స్ ఫన్నీ?" అని అరుస్తోంది. నవ్వు తగ్గాక అత్తగారి గొంతు మారింది. ఈసారి నిజంగానే మారింది, నా చెవులతో విన్నాను.

"చేరు అమ్మాయ్. చదువు మానబాక. పిల్లనెవరు చూస్తారంటాడు, నాకు తెలుసు. వాణ్ణే చూడమను. దాని తండ్రేగా. నా పేరు చెప్పి మరీ చెప్పు."

మెట్లెక్కి గదికొచ్చాను. ప్రసాద్ మంచం మీద కాళ్ళు చాపుకుని టీవీలో క్రికెట్ చూస్తున్నాడు. గదిలో ఇంకా పోపు ఘాటు ఉంది. చారు జగ్గు ఖాళీగా ఉంది, అన్నం ప్లేటు కూడా.

"ఎక్కడికెళ్ళావ్? కాస్త పెరుగన్నా ఉంటుందేమో చూసి పట్రాకూడదూ. ఇందాకటి గొడవయ్యాక నాకు ఆ జనం ముందుకి వెళ్ళాలని లేదు" అన్నాడు.

"ఇంటికి ఫోన్ చేశాను."

"లాస్య బావుందా?"

"బావుంది. సెప్టెంబర్లో నేను కోర్సులో చేరుతున్నానండీ. వెళ్ళగానే వాళ్ళకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్తాను."

టీవీ సౌండు తగ్గించాడు. చెయ్యి దానంతటదే కళ్ళద్దాల మీదికి వెళ్ళింది. "నాదేముంది వరం. నేనెప్పుడైనా నిన్ను వద్దన్నానా? కానీ పిల్లనెవరు చూస్తారు? అమ్మ ఒప్పుకోదు."

"అడిగాను. మిమ్మల్ని చూడమన్నారు."

తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. అద్దాలు లేని ఆ కళ్ళు మొదటిసారి నావైపే తిరిగాయి, నేను సరిగ్గా కనిపించకపోయినా. "అమ్మ... నీతో అలా అందా? ఏమంది? ఇంకేమంది?"

"చాలా అన్నారు. నాతోనే అన్నారు. ఆవిడ అన్నది విన్నాను, నేను అనాల్సింది అన్నాను. ఇక మీరు. మీ అమ్మగారి మాటా నా మాటా వద్దు. మీరేమంటారో అది చెప్పండి."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. తలుపు వైపు చూశాడు, టీవీ వైపు చూశాడు. నాకు కోపం రాలేదు. ఎప్పటి జాలీ రాలేదు. పదేళ్ళు కాపురం చేసిన మనిషి సొంత మాట ఎలా ఉంటుందో నేను ఇంతవరకు వినలేదని మాత్రం అర్థమైంది. అది కాదనే మాటైనా సరే, దాంతో నేను పోట్లాడగలను. అతని ఖాళీ ప్లేటు చూసి, కిందికెళ్ళి ఏదైనా తేవాలని నా కాళ్ళు అలవాటుగా తలుపు వైపు కదలబోయాయి. కదలనివ్వలేదు. బాల్కనీ దగ్గరున్న కుర్చీ లాక్కొచ్చి, అతను ఏమంటాడో వినడానికి ఎదురుగా కూర్చున్నాను.